దొడ్డమ్మ నేసిన పట్టీ

అన్నయ్య ఫోన్ చేసినప్పుడు నేను ఏడో తరగతి పిల్లలకు పాఠం చెప్తున్నాను. బోర్డు మీద లెక్క సగం వేసి ఉంది. ఆ రోజుల్లో నాగాయలంక వైపు సెల్‌ఫోన్‌కి సిగ్నల్ సరిగా అందేది కాదు. వరండా చివరికి వచ్చి చెవికి గట్టిగా అదుముకుంటే తప్ప మాట వినపడేది కాదు.

"చెల్లెమ్మా, అమ్మ పోయింది," అన్నాడు. "పొద్దున్నే కాఫీ తాగింది. కాసేపు నడుం వాలుస్తానంది. అంతే." కొంచెం ఆగి, "నీకు ముందు చెప్పమని ఎప్పుడో చెప్పిపెట్టింది," అన్నాడు.

అన్నయ్య నా తోడబుట్టినవాడు కాదు. అతని తల్లి దొడ్డమ్మ మా అమ్మకు అక్కా కాదు. బందరులో ఒకే ఆవరణలో, ఒకే గోడకు అటూ ఇటూ అద్దెకున్నవాళ్ళం. మా నాన్న కోర్టులో గుమాస్తా. వాళ్ళది పెడన, నేతపనివాళ్ళు. దొడ్డమ్మ భర్త పోయాక మగ్గం అమ్మేసి, చిలకలపూడిలో రోల్డుగోల్డు పనికి కుదిరిన కొడుకుతో బందరు వచ్చేసింది. మా అమ్మకంటే పెద్దది కనక అమ్మ "అక్కయ్యగారూ" అని పిలిచేది. ఆ వరసన నాకు దొడ్డమ్మ అయింది.

క్లాసులోకి తిరిగి వెళ్ళి మిగిలిన లెక్క పూర్తి చేశాను. పిల్లలు రాసుకున్నారు. ఆ తర్వాత హెడ్మాస్టరుగారికి చెప్పి బస్సెక్కాను. బందరు చేరేదాకా దారి పొడుగునా ఆవిడ గొంతే వినపడుతూ ఉంది.

ఆ గొంతు సంగతి చెప్పాలి. దొడ్డమ్మ గుసగుసలాడితే మూడిళ్ళకు వినపడేది. పెళ్ళైన నాటినుంచీ మగ్గం పక్కన కూర్చుని, ఆ చప్పుడు మీదుగా మొగుడితోనూ అత్తగారితోనూ మాట్లాడి మాట్లాడి ఆవిడ గొంతు అక్కడ స్థిరపడిపోయింది. "ఇది ఎవరితోనూ అనకండి చెల్లెమ్మా," అని మా అమ్మ చెవిలో చెప్పిన సంగతికి, అవతలి వాటాలో ఉండే పోస్టుమాస్టరుగారి భార్య వంటింట్లోంచి జవాబు చెప్పేవారు. నవ్వు మాత్రం దీనికి పూర్తిగా ఎదురు. ఆవిడ నవ్వితే చప్పుడుండదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది, భుజాలు ఊగుతాయి, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. కొత్తవాళ్ళు ఏడుస్తోందనుకుని కంగారుపడేవారు.

చేతులు ఊరికే ఉండేవి కావు. మాట్లాడుతూనే ఎదుటివాళ్ళ తువ్వాలు అంచు ఒళ్ళోకి తీసుకునేది. లేచి వెళ్ళేసరికి ఆ అంచు దారాలన్నీ వరసగా ముళ్ళుపడి కుచ్చులై ఉండేవి. మా నాన్న తువ్వాళ్ళన్నిటికీ అలా కుచ్చులొచ్చాయి. కోర్టుకు భుజాన వేసుకెళ్తే "ఎక్కడ కొన్నారండీ?" అని అడిగేవారట.

ఇక బట్ట పరీక్ష. ఎవరింటికి ఎవరొచ్చినా ముందు చీర అంచు రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, కళ్ళు మూసుకుని నలిపి చూసేది. మంచిదైతే తలాడించేది. కాకపోతే, "మరమగ్గం," అనేది మా అమ్మ వైపు తిరిగి, ఎవరింట్లోనో ఉన్న జబ్బు గురించి చెప్పినట్టు. అది గుసగుస అని ఆవిడ ఉద్దేశం. కట్టుకున్నావిడ కూడా వినేది. పెళ్ళిళ్ళకు వెళ్ళొచ్చాక పెళ్ళికూతురు ఎలా ఉందని అడిగితే ఆవిడకు గుర్తుండేది కాదు. పెట్టిన చీరలన్నీ గుర్తుండేవి.

ఏది చెడినా ఆవిడ అనే మాట ఒక్కటే: "కానీలే, విప్పి మళ్ళీ వేద్దాం." నా జడ వంకరపోయినా అదే, వాకిట్లో ముగ్గు తప్పినా అదే. ఒకసారి పోస్టుమాస్టరుగారి అమ్మాయి సంబంధం ఆఖరి నిమిషంలో తప్పిపోయి ఇంట్లో అందరూ దిగులుగా కూర్చుంటే, దొడ్డమ్మ వెళ్ళి అదే మాట అన్నది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఆ అమ్మాయే ముందు నవ్వింది.

నా కుడికాలు పసితనంలోనే పోలియోకి చచ్చుబడింది. పాదం నుంచి తొడ దాకా ఇనుప కమ్మీల కాలిపర్, దాన్ని కాలికి బిగించే తోలు పట్టీలు, బరువైన బూటు. వీటితోనే స్కూలు, వీటితోనే డిగ్రీ. చీర కట్టడం మొదలుపెట్టాక కుచ్చిళ్ళు నేలకు జీరాడేలా కట్టుకునేదాన్ని, కమ్మీ కనపడకుండా. బి.ఎడ్. సీటు గుడివాడలో వచ్చింది. పొద్దున్నే బందరు ప్యాసింజరులో వెళ్ళి సాయంత్రం తిరిగి రావాలి. ఆ ఏడు ఎండాకాలం ముందే మొదలైంది. మా ఊరి ఉక్క తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. చెమటకు నానిన తోలు రాత్రికి ఎండి, పొద్దున్నకి చెక్కలా బిగుసుకుపోయేది. దాన్నే మళ్ళీ కట్టుకోవాలి. తొడ దగ్గర ఒరుసుకుని పుండు పడింది. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా కొన్నాళ్ళు తిరిగాను. జ్వరం వచ్చాక చెప్పక తప్పలేదు.

పుండు మానేదాకా కాలిపర్ పెట్టొద్దన్నాడు డాక్టరు. కాలిపర్ లేకపోతే నేను నిలబడలేను. టీచింగ్ ప్రాక్టీసు దగ్గరపడుతోంది. పిల్లల ముందు నిలబడి పాఠాలు చెప్పి చూపించకపోతే ఆ ఏడు పోయినట్టే. మానినా మళ్ళీ అదే తోలు, అదే చెమట. ఒక సాయంత్రం నాన్న నా మంచం పక్కన కూర్చుని, "పోనీ మానెయ్యమ్మా. ఇంట్లో కూర్చుని ట్యూషన్లు చెప్పుకోవచ్చు. నిన్ను ఎవరూ ఏమీ అనరు," అన్నారు. ప్రేమతోనే అన్నారు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. సరే అనడానికి నోరు రాలేదు. కాదనడానికి కాలు లేదు.

మర్నాడు అమ్మ పుండు కడుగుతుంటే దొడ్డమ్మ వచ్చింది. అంతకుముందు నా కాలు ఆవిడ ఎప్పుడూ చూడలేదు, నేనే చూడనివ్వలేదు. ఆ రోజు దుప్పటి లాక్కునే ఓపిక కూడా లేదు. ఆవిడ నా కాలు వైపు చూడనే లేదు. మేకుకు తగిలించిన కాలిపర్ దగ్గరికి వెళ్ళి తొడ పట్టీని రెండు వేళ్ళ మధ్య పట్టుకుంది. కళ్ళు మూసుకుని నలిపింది.

"ఇది చెమట తాగదు చెల్లెమ్మా," అంది. "తాగకపోతే అది ఎక్కడికి పోతుంది, పిల్ల వొంట్లోకే పోతుంది. నూలైతే తాగుతుంది. ఉతుక్కోవచ్చు, ఆరేసుకోవచ్చు. రెండు జతలుంటే మార్చుకోవచ్చు."

"నూలు పట్టీ ఇంత బరువు ఆపుతుందా అక్కయ్యగారూ?" అంది అమ్మ.

"బిగువుగా నేస్తే ఆపదా? నేను నేస్తా."

అనేసి తనే ఆగిపోయింది. మా అమ్మ కూడా చేతిలో దూదితో అలాగే ఉండిపోయింది. ఎందుకంటే దొడ్డమ్మ ఎన్నడూ నెయ్యలేదని ఆ ఆవరణలో అందరికీ తెలుసు. వాళ్ళింట్లో ఆడవాళ్ళు నూలు తోడాలి, గంజి పెట్టాలి, కండెలు చుట్టాలి. మగ్గం గుంటలో కూర్చునేది మగవాళ్ళే. ఆవిడ చేతి మీదుగా ఎన్ని చీరలకు నూలు వెళ్ళిందో, నేసినది మాత్రం ఒక్కటీ లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. అన్నయ్యకు మగ్గం మాట ఎత్తితే పడదు. తండ్రి ఆ గుంటలోనే దగ్గి దగ్గి పోయాడని అతని బాధ. బందరు వచ్చినప్పుడే తల్లితో గట్టిగా చెప్పాడట, ఇక మన గడపలో మగ్గం ఉండకూడదని. అందుకని దొడ్డమ్మ, "మావాడు చిలకలపూడి వెళ్ళాక మీ ఇంట్లో కూర్చుంటా," అంది. ఈ సంగతి కోడలికి తెలుసు. ఆ పిల్ల అత్తగారి వైపే.

మగ్గం అంటే ఏమీ లేదు. అటక మీద డబ్బాలు దించడానికి మా అమ్మ ఎక్కే టేకు స్టూలు. దాన్ని తలకిందులు చేసి నా మంచం పక్కన పెట్టింది. పైకి లేచిన నాలుగు కాళ్ళ చుట్టూ నూలు పోగులు పక్కపక్కన తిప్పి పడుగు వేసింది. వదులు కాకుండా ఒక కాలి దగ్గర చెక్కముక్క దూర్చింది. పోగు విడిచి పోగుకి నైలాన్ దారంతో ఉచ్చులు కట్టి, ఆ ఉచ్చులన్నీ ఒక వెదురుపుల్లకు కట్టింది. ఆ దారం వలలు అల్లుకునేవాళ్ళ దగ్గర అడిగి తెచ్చింది. పుల్ల పైకి లేపితే సగం పోగులు లేస్తాయి, వదిలేస్తే దిగుతాయి. ఆ సందులోంచి పేక దారం అటూ ఇటూ పోవాలి. దెబ్బ వేసి బిగించడానికి నా చెక్క స్కేలు. నూలు మాత్రం ఆవిడ ట్రంకుపెట్టె అడుగునుంచి వచ్చింది. మగ్గం అమ్మిన రోజు ఇవ్వకుండా దాచుకున్న నూలుకట్ట.

మొదటి పట్టీ చూసి నేనూ అమ్మా మొహాలు చూసుకున్నాం. మొదట్లో నాలుగు వేళ్ళ వెడల్పు, మధ్యలో రెండు వేళ్ళు, చివర మళ్ళీ నాలుగు. దొడ్డమ్మ దాన్ని ఎత్తి వెలుతురుకు పట్టుకుని చూసింది. భుజాలు ఊగడం మొదలైంది. "దీనికి నడుమొచ్చింది చూడవే," అంది ఎలాగో. ముగ్గురం నవ్వాం. ఇల్లు ఆ మాత్రం నవ్వి చాలా రోజులైంది. విప్పేసింది. రెండోది తిన్నగానే వచ్చింది కానీ, అమ్మ ఒక కొస నేను ఒక కొస పట్టుకుని లాగితే సాగిపోయింది. దాన్నీ విప్పింది. మూడోసారి పోగులు కలిపి పురి పెట్టి, పేక దారం తడిపి, స్కేలుతో బిగించి బిగించి కొట్టింది. వెదురుపుల్ల లేపడం నా పని. మంచం మీద కూర్చుని చెయ్యి చాపితే అందేది. జ్వరం తగ్గాక కిందికి దిగి, కాలు చాపుకుని స్టూలుకు ఎదురుగా కూర్చునేదాన్ని.

ఆ రోజుల్లోనే ఒక సంగతి గమనించాను. స్టూలు దగ్గర కూర్చున్నాక దొడ్డమ్మ గొంతు తగ్గిపోయేది. ఆ మగ్గానికి చప్పుడు లేదు కదా. మామూలు మనుషుల్లా, ఇంకా మెల్లగా మాట్లాడేది. అలా మాట్లాడుతూనే ఒకరోజు తన పెళ్ళైన కొత్తల్లో జరిగింది చెప్పింది.

"ఆయనకి జరం వచ్చిందమ్మా. చీర ఆగిపోయింది. అందరూ పడుకున్నారు కదాని మధ్యాన్నం గుంటలో దిగి కూర్చున్నా. కాసింత నేశా. జానెడు కూడా ఉండదు. మా అత్తగారు చూసి లెమ్మన్నారు, లేచా. జరం తగ్గాక ఆయన చూసుకుని, ఆ నేసిందంతా విప్పేశారు."

"ఎందుకు? బాగా రాలేదా?"

"బాగానే వచ్చింది. ఆయన దెబ్బ వేరు, నా దెబ్బ వేరు. చీరలో గీత పడుతుంది. ఆ గీత చూస్తే షావుకారు తీసుకోడు. ఆయన తప్పేం లేదు."

"నీకు బాధ వెయ్యలేదా దొడ్డమ్మా?"

పేక దారం అటునుంచి ఇటు లాగింది. స్కేలుతో రెండు దెబ్బలు వేసింది. "ఆ గీత ఉంచితే బాగుండుననిపించింది," అంది. "ఎప్పుడైనా ఎవరో కట్టుకుంటారు కదా. అందులో ఫలానా చోట నేనున్నానని ఉండేది."

పుల్ల లేపాను, దించాను.

అన్నయ్యకు తెలియడం ఎలాగూ తప్పదు. ఒక మధ్యాహ్నం చిలకలపూడిలో కరెంటు పోయి పని ఆగిపోయిందని ముందే ఇంటికొచ్చాడు. తల్లి కనపడకపోయేసరికి మా వరండాలోకి వచ్చాడు. తలుపు తీసే ఉంది. తలకిందులైన స్టూలు, దాని చుట్టూ నూలు, స్కేలు ఎత్తి పట్టుకున్న తల్లి. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏంటమ్మా ఇది?"

"కూర్చో. ఈ వరస అవనీ," అంది దొడ్డమ్మ తలెత్తకుండా.

ఆవిడ కొడుకును అలా ఆగమనడం నేను అంతవరకూ వినలేదు. అన్నం పెట్టమంటే చేతిలో పని వదిలేసి లేచే మనిషి. అన్నయ్య కూర్చోలేదు. వరస పూర్తయ్యేదాకా నిలబడే ఉన్నాడు. గొంతు పెంచకుండానే అన్నాడు.

"నాన్న ఎలా పోయాడో మర్చిపోయావా? వద్దని ఎంత చెప్పాను. తెచ్చి పక్కింట్లో పెట్టావా?"

"మర్చిపోతానా? పక్కన కూర్చుని కండెలు చుట్టింది నేనే." స్కేలు కింద పెట్టింది. "కానీ ఇది మీ నాన్న మగ్గం కాదురా. ఇది నాది."

అన్నయ్య నా వైపు చూశాడు. నేను కాలి మీద దుప్పటి సర్దుకున్నాను. అతను వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు మా వైపు చూడలేదు. సైకిలు దించుకునేటప్పుడు కూడా మొహం అటు తిప్పుకునేవాడు. దొడ్డమ్మ రోజూ వస్తూనే ఉంది. నేస్తూనే ఉంది. కానీ నవ్వు తగ్గింది. వాళ్ళింట్లో అన్నం దగ్గర మాటల్లేవని కోడలు మా అమ్మతో అంది. ఈ పట్టీ నాకెందుకు, తల్లీకొడుకుల మధ్య ఇది తెచ్చిపెట్టానే అని నాకు లోపల పీకుతూ ఉండేది. ఒకరోజు అదే మాట అంటే, "నీ మూలంగా కాదమ్మాయ్. నువ్వు పుల్ల లేపు," అంది.

పట్టీలు పూర్తయ్యాయి. తెల్లటి మధ్యభాగం, రెండు పక్కలా సన్నటి ఎర్ర గీత. ఆ ఎరుపు నా కోసం కాదు, తన సరదా అంది. ఎంత లాగినా సాగలేదు. పుండు కూడా అప్పటికి మానుతోంది. ఇక వాటిని కాలిపర్‌కు బిగించాలి. పాత తోలు పట్టీల బకిల్స్ ఉప్పుగాలికి తుప్పుపట్టి ఉన్నాయి. అవి పెడితే కొత్త నూలుకు మరకలు పడతాయి. విజయవాడ వెళ్ళి ఆస్పత్రిలో అడిగి తేవాలని నాన్న అనుకుంటున్నారు.

ఒక ఆదివారం పొద్దున్న అన్నయ్య మా గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో చిన్న పొట్లం, పనిముట్ల సంచి. "పిన్నిగారూ, ఆ కాలిపర్ ఇలా ఇవ్వండి," అన్నాడు. వరండాలో చాప వేసుకు కూర్చుని పొట్లం విప్పాడు. కొత్త బకిల్స్. వాటికి బంగారు పూత. గాజులకీ గొలుసులకీ వేసినట్టే వేసి, మెరుగు పెట్టి తెచ్చాడు. ఎండ పడి ధగధగమంటున్నాయి.

"అయ్యో, కాలికి బంగారం పెట్టకూడదు కదయ్యా," అంది అమ్మ.

"రోల్డుగోల్డేగా పిన్నిగారూ. లక్ష్మీదేవి పట్టించుకోదు," అన్నాడు అన్నయ్య.

గోడ అవతల దొడ్డమ్మ ఉంది. చప్పుడు రాలేదు కనక నవ్విందని తెలిసింది. అన్నయ్య పట్టీలు చేతిలోకి తీసుకున్నాడు. అంచు వెంట బొటనవేలు జరుపుకుంటూ పోయాడు. ఒకచోట ఆగి, వెనక్కి వచ్చి, మళ్ళీ జరిపాడు. "గట్టిగానే కొట్టింది," అన్నాడు ఎవరితోనూ కాకుండా. రివెట్లు కొట్టి బిగించాక లేచి నిలబడి తనే కాలిపర్‌ను నాలుగు వైపులా లాగి చూశాడు. ఆ రోజు తల్లీకొడుకులు కలిసి అన్నం తిన్నారని కోడలు వచ్చి చెప్పి వెళ్ళింది.

ముందు ఆవరణలో నడిచాను. గేటు దాకా, మళ్ళీ ఇంటి దాకా. నూలు తొడను కరవలేదు. పట్టుకుంది, అంతే. డాక్టరు చూసి, పుండు పడకపోతే ఏ పట్టీ అయినా మంచిదేనన్నాడు. మళ్ళీ కాలేజీకి బయల్దేరిన రోజున దొడ్డమ్మ నాతో వస్తానంది. "సాగుతుందేమో చూసుకోవాలి," అంది. అది సాకు. నేను ఒంటరిగా వెళ్ళడానికి భయపడుతున్నానని ఆవిడకు తెలుసు.

బందరు వదిలాక పెడన ఎంతో దూరం లేదు. రైలు అక్కడ ఆగుతుందనగా దొడ్డమ్మ కొంగు భుజం చుట్టూ లాక్కుని కిటికీ పక్కకు జరిగింది. మగ్గం అమ్మి వచ్చాక ఆవిడ ఆ ఊళ్ళో అడుగుపెట్టలేదు. బట్టల మూటలతో కొందరు ఆడవాళ్ళు మా పెట్టెలోకి ఎక్కారు. వాళ్ళలో ఒకావిడ, "ఏం వదినా, మమ్మల్ని మర్చిపోయావా?" అంటూ ఎదురుగా కూర్చుంది. వాళ్ళ వీధి మనిషే. యోగక్షేమాలయ్యాక, "పనీపాటా ఏం చేస్తున్నావు? ఇప్పుడు కండెలు కూడా లేవుగా," అంది మామూలుగానే.

దొడ్డమ్మ కిటికీ వైపు తిరిగింది. బయటికి చూస్తూ కూర్చుంది. నాకేమైందో తెలియదు. పెట్టె నిండా మనుషులున్నారు, పక్క సీట్లలో మగవాళ్ళూ ఉన్నారు. కమ్మీ కనపడుతుందని మెట్లెక్కేటప్పుడు కూడా కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకోని దాన్ని. చీర మోకాలి దాకా జరిపి కాలు ఎదుటావిడ ముందు చాపాను.

"ఇది చూడండి," అన్నాను.

ఆవిడ ముందు కమ్మీలు చూసింది, తర్వాత బకిల్స్ చూసింది. ఆ తర్వాత నేతమనిషి కనక పట్టీ దగ్గర ఆగింది. వంగి మోకాలి కింది పట్టీ అంచు పట్టుకుంది. నలిపింది, గోరుతో గీసింది, లాగింది. "అంచు ఎంత తిన్నగా వచ్చింది," అంది. "ఎవరు నేశారమ్మా?"

"మా దొడ్డమ్మ నేసింది."

"ఏ దొడ్డమ్మ?"

చూపించాను. ఆవిడ తలెత్తి చూసింది. "నువ్వా వదినా?" అంది. పక్కనున్న ఆడవాళ్ళు కూడా వంగారు. ఒకరి తర్వాత ఒకరు పట్టీ పట్టుకుని చూశారు. ఎన్ని పోగులు కలిపావని ఒకరు, ఎరుపు ఎక్కడిదని ఒకరు. వాళ్ళెవరూ నా కాలు గురించి అడగలేదు. దొడ్డమ్మ కిటికీ వైపు తిరిగే ఉంది. భుజాలు ఊగుతున్నాయి. నవ్వుతోందనుకున్నాను. ఇటు తిరిగాక చూస్తే ఆ మొహంలో రెండూ ఉన్నాయి. గుడివాడ వచ్చేదాకా ఇక నేను చీర సర్దుకోలేదు. దొడ్డమ్మ మాత్రం స్టూలు సంగతి మొదటినుంచీ చెప్పుకొచ్చింది. రైలు చప్పుడులో ఆవిడ పాత గొంతు తిరిగొచ్చింది. పెట్టె అంతా విన్నది.

టీచింగ్ ప్రాక్టీసు నిలబడే చేశాను. ఉద్యోగం వచ్చింది. దివిసీమలో, నాగాయలంక వైపు వేశారు. ఆ ఊళ్ళో ఉక్క బందరుకేమీ తీసిపోదు. పట్టీలు బస్సు మీద వచ్చేవి. అటు వచ్చే తెలిసినవాళ్ళ చేతికిచ్చి దొడ్డమ్మ పంపేది. ఒక్కో జతకు ఒక్కో రంగు అంచు. ఆవిడ దగ్గర నేనూ నేర్చుకున్నాను. నాది ఎప్పుడూ ఒక పక్కకు లాగేది. సెలవులకు వెళ్ళి చూపిస్తే ఏమనేదో చెప్పక్కర్లేదు. మా స్టూలు వాళ్ళింటికే వెళ్ళిపోయింది. అమ్మ కొత్తది కొనుక్కుంది. నాన్న కళ్ళజోడుకు తాడు, పోస్టుమాస్టరుగారి సంచికి పట్టీ, కోడలికి పావడా నాడాలు, అన్నీ ఆ స్టూలు మీదినుంచి దిగినవే. కాలిపర్ కోసం వెళ్ళినప్పుడు ఆస్పత్రిలో నాకు పరిచయమైన ఇంకో ఇద్దరు అమ్మాయిలకు కూడా నేసి పంపింది. వాళ్ళను ఆవిడ ఎప్పుడూ చూడలేదు. కొలతలు మాత్రం నోటికి వచ్చు.

థాంక్స్ లాంటి మాట ఆవిడతో ఒకసారి అనబోయాను. ఉద్యోగంలో చేరడానికి వెళ్తూ కాళ్ళకు దణ్ణం పెడదామని వంగబోతే, వంగడం నాకు కష్టమని పట్టుకుని ఆపేసింది. "నువ్వు మంచాన పడ్డావు కనక నేను నేశానమ్మా," అంది. "లేకపోతే ఆ నూలు పెట్టెలోనే చివికిపోయేది." నా ఆపద వల్ల తనకు మేలు జరిగిందన్నట్టు మాట్లాడింది. అలా తీసుకోవడం ఆవిడకే చాతనవును. నాకు మాత్రం, బోర్డు ముందు నిలబడిన ప్రతి పొద్దునా ఆవిడ చెయ్యి నా కాలిని పట్టుకునే ఉంది.

పెద్దకర్మకు పెడన నుంచి వాళ్ళ పెద్దలు వచ్చారు. ఆవరణలో షామియానా వేసి భోజనాలు పెట్టారు. కింద కూర్చోలేనని నాకు కుర్చీ వేశారు. నా పక్కనే బెంచీ మీద ఒక ముసలాయన కూర్చున్నాడు. ఆయనా, దొడ్డమ్మ భర్తా ఒకే వీధిలో మగ్గాలు వేసినవాళ్ళట. మజ్జిగ వడ్డిస్తున్న అన్నయ్యను చూసి, "మీ నాన్న చెయ్యి పడిన చీర ఎన్ని ఉతుకులుతికినా బిగి పోయేది కాదయ్యా," అన్నాడు. "మీ ఇంట్లో నేత ఆయనతోనే ఆగిపోయింది."

అన్నయ్య గరిటె బకెట్టులో పెట్టాడు.

"ఆగలేదండీ. ఆయన తర్వాత మా అమ్మ నేసింది."

"మీ అమ్మా?" అన్నాడు ముసలాయన. "ఎన్నాళ్ళు?"

"పోయే ముందు రోజు దాకా," అన్నాడు అన్నయ్య. ఆయన విస్తట్లో మజ్జిగ పోసి, తర్వాతి విస్తరి దగ్గరికి వెళ్ళాడు.